గాలి మాస్కు

రైల్వే గేటు దగ్గర స్కూటీ మీద కూర్చునే నిద్రపోయాను.

బడికి వెళ్తుంటే గేటు పడింది. బండి ఆపి, రెండు కాళ్ళూ నేలకు ఆనించి, గూడ్సు డబ్బాలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే చూస్తూ ఉన్నాను. ఆ తరువాత గుర్తున్నది నా భుజం మీద ఎవరిదో చెయ్యి. గేటు ఎప్పుడో లేచింది. వెనక ఆటోలవాళ్ళు హారన్లు కొడుతున్నారు. కూరగాయల గంప దించుకుని ఒకామె నన్ను కుదుపుతూ "తాయీ, ఓ తాయీ, బరే వాట్తే నా?" అంటోంది. ఒంట్లో బాగుందా అని అడుగుతోంది. బాగానే ఉందన్నాను. అన్నానే గాని, ఆ క్షణాన నేనెక్కడున్నానో, ఎటు పోతున్నానో నాకు తెలియలేదు.

నేను మరాఠీ బడిలో పిల్లలకు లెక్కలు చెప్తాను. పుట్టింది ధర్మాబాద్‌లో, మెట్టింది నాందేడ్‌లో. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో ఏది నోటికొస్తే అది. కొంతకాలంగా ఈ మూడు భాషల్లోనూ ఆవలిస్తున్నాను. పరీక్ష పేపర్లు దిద్దుతూ కునికిపాట్లు పడ్డాను. పెళ్ళి భోజనాల బంతిలో తల వాల్చాను. వయసు అనుకున్నాం, రక్తం తక్కువ అనుకున్నాం. బెల్లం, పల్లీలు తిన్నాను.

సాయంత్రం గేటు సంగతి మా ఆయనకు చెప్పాను. నీటిపారుదల ఆఫీసులో పనిచేసే మనిషి, మాట కన్నా పని ముందు. లేచి, మేకుకు వేలాడుతున్న స్కూటీ తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"డాక్టరుకు సూపెట్టుకునేదాంక బండి ముట్టద్దు."

డాక్టరు ఒంటికి తీగలు పెట్టి నిద్రను పరీక్ష చేయించాడు. పడుకోగానే నా గొంతు లోపల మూసుకుపోతోందట. ఊపిరి ఆగుతోందట. లోపల ఏదో భయపడి నన్ను లేపుతోంది, ఒక్క ఊపిరి తీసుకుంటున్నాను, మళ్ళీ మూసుకుపోతోంది. రాత్రంతా ఇదే పని. "మీరు పడుకుంటున్నారు, కానీ నిద్రపోవడం లేదు" అన్నాడు. మందు రాయమన్నాను. మందు లేదు, గాలి ఊదే మిషన్ ఉంది అన్నాడు. గొట్టంలోంచి గాలి వస్తుంది, దాన్ని మాస్కుతో ముఖానికి తగిలించుకోవాలి, ఆ గాలి ఒత్తిడికి గొంతు తెరుచుకుని ఉంటుంది. ఎన్నాళ్ళు అంటే, రోజూ అన్నాడు.

మిషన్ అమ్మే దుకాణంలో నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కూ నోరూ రెండూ కప్పే పెద్ద మాస్కు ఒకటి తగిలించి, తల వెనక పట్టీలు బిగలాగాడు అక్కడి అతను. బిగుతుగా ఉంటేనే గాలి బయటికి పోదని చెప్పాడు. సరేనన్నాను. నాకేం తెలుసు.

ఆ రాత్రి దాన్ని పెట్టుకుని పడుకున్నాను. మిషన్ మొదలైంది. గాలి పీల్చుకోవడం కష్టం కాలేదు. వదలడమే చేత కాలేదు. లోపలున్న ఊపిరి బయటికి పోదామంటే ఎదురుగా గాలి అడ్డం నిలబడింది. నా ముఖాన్ని ఎవరో అరచేత్తో మూసి మంచానికి అదిమినట్టయింది. అరుద్దామంటే నోరు కూడా అందులోనే ఉంది. క్లిప్పు ఎటు వైపుందో వేళ్ళకు అందలేదు. రెండు చేతులతో లాగి పీకి పారేశాను. లేచి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన లైటు వేసి, ఏం చేయాలో తెలియక, నీళ్ళ చెంబు పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు.

అప్పటి నుంచి చీకటి పడుతుందంటే పడుకునే వేళను వెనక్కి నెట్టేదాన్ని. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేదాన్ని. రేపటి కూర ఈరోజే తరిగేదాన్ని. మంచం పక్కన స్టూలు మీద ఆ మిషను, దాని మీద చుట్టుకుని పడుకున్న గొట్టం, పట్టీలు. పెట్టుకుంటే ఊపిరాడదు. పెట్టుకోకపోతే ఊపిరి ఆగుతుంది. ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉందేమోనని వెతికేదాన్ని, లేదు. ఎంతసేపు ఓర్చుకుంటే అంతసేపు ఉంచి పీకేసేదాన్ని. ముక్కు దూలం మీద తోలు లేచి ఎర్రగా పుండయింది. బడిలో పిల్లలు "బాయీ, ముక్కుకేమైంది?" అని అడిగితే తలుపు తగిలిందని చెప్పాను. బడికి షేర్ ఆటోలో పోయేదాన్ని. అందులో వెనక సీటులో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నా ఆ మాస్కే గుర్తొచ్చేది, మెడ చాచి బయటి గాలి పీల్చేదాన్ని.

నా వల్ల కాదని డాక్టరుతో చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "పగలు పెట్టుకోండి. మెలకువగా, ఏదైనా పని చేసుకుంటూ. మిమ్మల్ని ఎవరూ చంపడం లేదని మీ ఒంటికి తెలియాలి" అన్నాడు.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం ముందు గదిలో చాప వేసుకుని, మిషన్ స్టూలు మీద పెట్టి, మాస్కు తగిలించుకుని, చాటలో కందిపప్పు ఏరుతూ కూర్చున్నాను. పప్పులో రాళ్ళ మీద కన్ను పెడితే ఊపిరి సంగతి కాస్త మర్చిపోతున్నాను. అప్పుడే పక్కింటి మరాఠీ ఆమె, మేం కాకూ అని పిలుస్తాం, ఖాళీ గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. నన్ను చూసి "అగ బాయీ!" అని గుండెల మీద చెయ్యి వేసుకుని, గిన్నె గడప మీదే పెట్టి వెళ్ళిపోయింది. నేను క్లిప్పు విప్పి బయటికి వచ్చేసరికి ఆమె తలుపు వేసేసుకుంది.

కాకూ దగ్గర మా అక్క ఫోన్ నంబరు ఉంది. ఇద్దరూ కలిసి ఒకసారి పండరిపురం పోయొచ్చారు. మీ చెల్లెకు ఆక్సిజన్ పెట్టారని ఆమె అక్కకు ఫోన్ చేసి చెప్పిందట.

ఆదివారం పొద్దున ధర్మాబాద్ నుంచి మొదటి బండికే అక్క దిగింది. నాకన్నా చాలా పెద్దది, చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. చేతిలో బత్తాయిల సంచి. ఆ టైముకు నేను మళ్ళీ మాస్కు తగిలించుకుని గోరుచిక్కుడుకాయలు తుంపుతున్నాను. మా ఆయన తలుపు తీయగానే అక్క నన్ను చూసి, సంచి వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందే గిది? గింత అయినంక గూడ మాకు చెప్పరా?"

మాట్లాడదామని గబగబా పట్టీ లాగాను. అది రాలేదు. ఆ పట్టీ కొసకు చెప్పుల పట్టీకి ఉండేలాంటి ముళ్ళ అతుకు ఉంటుంది, అది నా జడ మొదట్లో వెంట్రుకలను గట్టిగా పట్టుకుంది. లాగిన కొద్దీ ఇంకా చిక్కుపడింది. లోపల నుంచి నేను "ఊఁ ఊఁ" అంటున్నాను.

"అయ్యో, మాట గూడ పడిపోయిందా!" అని అక్క ఏడుపు మొదలుపెట్టింది.

"మాట పడిపోలేదు వదినా, ఎంటికలు చిక్కువడ్డయ్" అని మా ఆయన పరుగున వచ్చి మిషన్ బంద్ చేశాడు. అది ఇంకా ఘోరం. గాలి రావడం ఆగిపోయేసరికి మాస్కు లోపల నా ఊపిరే నాకు వేడిగా తగిలింది. చేతులు ఊపి మళ్ళీ వేయమన్నాను. వేశాడు. కత్తెర తెచ్చాడు.

"కత్తెర అవుతల పెట్టు" అంది అక్క. ఏడుపు ఆపేసింది. మంచం మీద కూర్చుని, నన్ను కింద తన మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క వెంట్రుకే విడదీయడం మొదలుపెట్టింది. తలకు నూనె పెట్టేటప్పుడు అలాగే కూర్చోబెట్టేది. నేను కదలడానికి లేదు, మాట్లాడడానికి లేదు. గాలి మాత్రం వస్తూనే ఉంది.

"ఇంతకు గిది ఎందుకు పెట్టిన్రు?" అని అడిగింది. మా ఆయన చెప్పాడు. గురక, ఊపిరి ఆగడం, మళ్ళీ ఉలిక్కిపడి తీసుకోవడం. చెప్తుంటే నా తలలో అక్క వేళ్ళు ఆగిపోయాయి.

"నాయినకు గూడ గిదే ఉండె" అంది.

మళ్ళీ వెంట్రుకలు విడదీస్తూ, నాతోనే అన్నట్టు నెమ్మదిగా చెప్పింది. "నువ్వు చిన్నదానివి, నీకెరుక లేదు. నాయిన గురక ఆగిందంటే అమ్మ లేసి కూసునేది. మోచేత్తోని పొడిచేది. అప్పుడు గుర్రుమని ఒక్కపారి ఊపిరి తీసుకునేటోడు. 'నేను పండుకుంటే మీ నాయిన ఊపిరి తీసుకునుడు మర్చిపోతడే' అనేది అమ్మ. మేం నవ్వేటోళ్ళం. అమ్మ పోయినంక నాయినకు అరుగు మీద మంచం ఏసిన్రు గదా. ఒక్కడే పండుకునేటోడు."

తరువాతది ఆమె చెప్పలేదు. అమ్మ పోయిన ఏడాదిలోనే నాయన నిద్రలో పోయాడు. పుణ్యాత్ముడు, ఎవరితో ఒక చుక్క నీళ్ళు పోయించుకోలేదు అన్నారు ఊళ్ళో. మేమూ అలాగే చెప్పుకుంటూ వచ్చాం.

కన్నీళ్ళు మాస్కు అంచు దాకా దిగి, అక్కడి సందులోంచి వచ్చే గాలికి మళ్ళీ కంట్లోకే చిమ్ముతున్నాయి. తుడుచుకోవడానికి కూడా వీలు లేదు. అక్కకు నా ముఖం కనబడదు. ఆమె చిక్కు తీస్తూనే ఉంది.

మాస్కు ఊడాక నన్ను తన వైపు తిప్పుకుని ముక్కు మీది పుండు చూసింది.

"గిది నీ మొఖానికి సరివడేదే కాదు. కొనేటప్పుడు పెట్టుకోని సూడలేదా?"

"సూసిన. కుర్సీల కూసోని."

"పండుకునేటిది కూసోని సూసుడేందే!"

అక్క ఊరికి పోలేదు. సోమవారం బడి వదిలాక నన్ను వెంటబెట్టుకుని దవాఖానల వీధిలో ఇంకో దుకాణానికి తీసుకుపోయింది. అక్కడ ఒక అమ్మాయి ఉంది. నా పాత మాస్కు చేతిలోకి తీసుకుని, నేను ఏ పక్కకు తిరిగి పడుకుంటానో అడిగింది. ఎడమ పక్కకు అన్నాను. గోడవారగా ఉన్న బల్ల చూపించి "మగ ఇథే ఝోపా తాయీ" అంది. పడుకోవాలట. దుకాణంలో మగవాళ్ళు ఉన్నారు. చక్రాల కుర్చీ బేరమాడుతున్న ఒకాయన మా బడి పిల్లవాడి తండ్రిలాగే ఉన్నాడు. నేను నిలబడే ఉన్నాను. అక్క ఒక్క క్షణం చూసి, భుజం మీది శాలువా తీసి రెండు చేతులా పరిచి, వాళ్ళకు వీపు పెట్టి నిలబడింది.

"పండుకో. ఎవలు సూస్తరో నేను సూస్త."

పడుకున్నాక ముఖం మారిపోతుందని నాకు అప్పుడే తెలిసింది. చెంపలు పక్కకు జారుతాయి, కూర్చున్నప్పుడు అతుక్కున్నది పడుకుంటే లేస్తుంది. ఆ అమ్మాయి మిషన్ నడుపుతూనే ఒక్కో మాస్కూ పెట్టి చూసింది. పట్టీలు బిగించడం పోయి వదులు చేసింది. ముక్కు రంధ్రాల్లో ఆనించే రకం పెడితే తుమ్ములు ఆగలేదు. చివరికి ముక్కు వరకే కప్పేది, గొట్టం నెత్తి మీద నుంచి వచ్చేది ఒకటి తీసింది. నోరు బయటే ఉంది. ఎదురుగా ఏమీ అడ్డం లేదు, కళ్ళు తిప్పితే దుకాణం కప్పు కనిపించింది. అంతవరకు భుజాలు బిగబట్టుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది.

కానీ ఎడమ పక్క సన్నగా ఈల వేస్తోంది. ముక్కుపుల్ల దగ్గర సందు. తీసేస్తే సరిపోతుంది అంది అమ్మాయి.

"అదెట్ల తీస్తరు? మొగుడున్న ఆడిది ఉత్త ముక్కుతోని ఉంటదా?" అంది అక్క శాలువా వెనక నుంచి.

"అక్కా, నిన్న నాయిన ముచ్చట చెప్పినవ్ గదా. మళ్ళొకసారి చెప్పు" అన్నాను.

అక్క శాలువా ఒక చేతికి మార్చుకుని రెండో చెయ్యి చాపింది. పెళ్ళికి ముందు నుంచి ఉన్న పుల్ల అది, ఊడి రావడానికి చాలా పెనుగులాట అయింది. దాన్ని ఆమె కొంగున ముడి వేసుకుంది.

అంతటితో అంతా చక్కబడిందని చెప్పను. నోరు తెరుచుకుంటే గాలంతా అటే పోయేది, అందుకని గడ్డం కింద ఒక పట్టీ వచ్చింది. ముక్కు దిబ్బడకు మందు పిచికారీ వచ్చింది. ఒక్క జడ పోయి రెండు జడలు వచ్చాయి, వాటిని చూసి మా ఆయన బడి పిల్లలాగున్నావన్నాడు. కొన్ని వారాలు సగం సగం నిద్ర. ఒక పొద్దున మాత్రం కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ నిండుగా ఉంది, వంటింట్లో ఆయన చాయ్ కాచుకుంటున్న చప్పుడు. బడికి ఆలస్యమైందని కేకలేశాను.

"మంచిగ నిద్రవోయినవ్, లేప బుద్ధి కాలే" అన్నాడు.

అప్పుడు అడిగాను, ఇన్నేళ్ళుగా నా గురక ఆగినప్పుడు ఎప్పుడైనా నన్ను పొడిచారా అని. చాయ్ వడపోస్తూ చెప్పాడు. "పొడుసుడు గాదు. చెయ్యి పట్టుకోని పండుకుంటుంటి. ఆగితే జర ఒత్తుతుంటి." మరి ఆయన ఎప్పుడు నిద్రపోయేవాడో నేను అడగలేదు.

స్కూటీ మీద ఇప్పుడు బడికి పోతున్నాను. అయినా ఆ క్లిప్పు టక్కుమన్న ప్రతిసారీ కిటికీ వైపు చూస్తాను, ఆ భయం ఇంకా పోలేదు. కరెంటు పోతే గాలి ఆగి ఉలిక్కిపడి లేస్తాను. ఎన్నికల డ్యూటీకి ఇస్లాపూర్ వైపు వేస్తే అందరూ బట్టల సంచి పట్టుకొస్తారు, నేను మిషన్ సంచి కూడా మోసుకుపోవాలి, అక్కడ ప్లగ్గు ఎక్కడుందో ముందు వెతుక్కోవాలి. ఇది లేకుండా ఒక్క రాత్రి ఎక్కడా ఉండలేను.

అక్క మా ఇంట్లో ఉన్న ఆ రెండు రోజుల్లోనే నేను విన్నాను, ఆమె గురక కూడా అలాంటిదే. నాయనదీ, నాదీ, ఆమెదీ ఒకే గొంతు. పరీక్ష చేయించుకోమని ఫోన్ చేసినప్పుడల్లా చెప్తాను. మొదట సోయా కోతలన్నది. తరువాత శెనగ విత్తాలన్నది. మొన్న ఇంటికొచ్చినప్పుడు బతిమాలి నా మాస్కు ఒకసారి ఆమె ముక్కుకు ఆనించాను. రెండు ఊపిర్లు తీసుకుని తోసేసింది.

"అమ్మో! బాయి నీళ్ళల్ల వడ్డట్టున్నదే. నువ్వెట్ల పండుకుంటవ్ గిందుల?"

"నాగ్గూడ గట్లనే ఉండె" అన్నాను.

"నాకద్దు తల్లీ. సూద్దాం తియ్" అని బత్తాయి వొలుచుకుంటూ కూర్చుంది. పరీక్షకు ఇంకా రాలేదు.