మొండిగా ఉండాల్సిన కత్తి

అరవై ఏళ్లకు పైగా నా దగ్గర ఒక కత్తి ఉంది. మహా అయితే శేరు బరువుంటుంది. దాని గురించి నేను ఆడిన ఒక అబద్ధం బరువు మాత్రం ఇన్నేళ్లలో వీసమెత్తు కూడా తగ్గలేదు.

ఒక అబద్ధం అన్నాను గానీ, ఆ కత్తి గురించి చాలా ఆడాను. గండికోట కింద పెన్న ఇసకలో చెలమ తోడుతుంటే దొరికిందని ఒకరికి చెప్పాను. గ్రీకు సేన దారి తప్పి జమ్మలమడుగు దాకా వచ్చిందనడానికి ఇదే సాక్ష్యమని ఇంకొకరికి చెప్పాను. ఆయన బడిలో చరిత్ర చెప్పే మనిషి. నవ్వాలో వద్దో తెలియక కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఇవన్నీ సరదా కోతలు. వీటికి నేను సిగ్గుపడను. సిగ్గుపడాల్సింది వేరే ఉంది. అది మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు. నాకు ఇరవై రెండేళ్లు. కోస్తా నుంచి వచ్చిన ఒక నాటకాల కంపెనీ ప్రొద్దుటూరులో ఆడి ఆడి, జనం పలచబడి, అక్కడే మూతబడింది. సామానంతా ఒక సత్రం వరండాలో పరిచి అమ్మేశారు. కిరీటాలు, గదలు, జడలు, ఒక కొయ్య నెమలి. జనం కిరీటాల మీద పడ్డారు. నా కళ్లు మాత్రం మూలన గోనెపట్టా మీదున్న పొట్టి కత్తి మీద పడ్డాయి. మూర కంటే కొంచెం పొడవు. పిడి దగ్గర సన్నగా మొదలై, మామిడాకులా వెడల్పై, చివర సూదిగా తేలింది. ఏదో పుస్తకంలో బొమ్మ చూసి, పాతకాలపు గ్రీకు సిపాయి కత్తికి నకలుగా, లారీ కమాను పట్టాను సాగగొట్టి చేయించారట. మిగిలిన ఆయుధాలన్నీ రేకు, చెక్క. ఇదొక్కటే గట్టి ఇనుము. అంచులు మాత్రం గట్టిగా రుద్దినా చర్మం తెగనంత మొండిగా ఉన్నాయి. నాటకం కత్తి అలాగే ఉండాలి.

కొన్నాను. బస్సులో దాన్ని చూసి కండక్టరు లేచి సలాం కొట్టాడని చాలామందికి చెప్పాను. కొట్టలేదు. సీటు కింద పెట్టమని కసిరాడు.

మా ఊళ్లో మాకొక నాటకాల జట్టు ఉండేది. పత్తి మిల్లు ఆడని రోజుల్లో దాని గోడౌన్లోనే మా రిహార్సల్సు. పద్యం ఎత్తుకుంటే ముక్కులోకి దూది పోయి తుమ్మొచ్చేది. తుమ్ముకీ రాగం తీసేవాళ్లం. పొట్లాల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చేవి. ఆ నూనె వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నిలబడిపోతాను.

మా అయ్యవారు రాసిన నాటకంలో నేను గ్రీకు సేనాని. మన వైపు వీరుడు నా స్నేహితుడు నరసింహులు. వాడు ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో రాళ్లు పొదిగే పనివాడు. వారానికొకసారి బస్సెక్కి వచ్చేవాడు. ఆఖరి రంగంలో నేను కత్తి దూసి మీదికి వెళతాను. వాడు ఆ కత్తిని ఒట్టి చేత్తో పట్టుకుని, గుంజుకుని, నన్ను మోకాళ్ల మీద కూలుస్తాడు. రిహార్సల్సు చూడటానికి వచ్చే మిల్లు కూలీలు అక్కడ ఈలలు వేసేవాళ్లు. వాడికి. నాకు కాదు.

ఈ చివరి రెండు ముక్కలు రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

సంతపేట మలుపులో మస్తాన్ మామ సాన చక్రం పెట్టుకుని కూర్చునేవాడు. కాలితో తొక్కే చక్రం. ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ కత్తి ఇచ్చినా ముందు దాని పని అడిగేవాడు. మంగలి కత్తికి ఒక పదును, జొన్న కొడవలికి ఒక పదును, అడకత్తెరకు ఇంకొకటి. పని చెప్పకపోతే కత్తి తిప్పి ఇచ్చేసేవాడు. పని తెలియకుండా పదును పెడితే కోసినవాడు తనే అవుతాడని ఆయన మాట. ఊళ్లో ఆడవాళ్లు కత్తిపీట పంపిస్తూ, పని కూడా పిల్లలకు వల్లె వేయించి పంపేవాళ్లు.

కత్తి తళతళలాడాలని తీసుకెళ్లానని నాకు నేను చెప్పుకున్నాను. తళతళే కావాలంటే చింతపండూ బూడిదా సరిపోయేవి కదా? మరి సాన దాకా ఎందుకు నడిచాను?

ఆయన కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం పనికిది, అబ్బీ?"

"దసరాకు మామా. ఆయుధపూజకు గుమ్మడికాయ కొట్టేదానికి."

"దసరా ఇంగా యాడుండాది? ఇది జూస్తే నాటకం కత్తి మాదిరుండాది. నాటకం కత్తికి సాన పట్టగూడదు."

"నాటకంది కాదు మామా. మా తాత కాలంది."

ఆయన నా మొహం ఒక క్షణం చూశాడు. గుమ్మడికాయ ఒక్క దెబ్బకు రెండు చెక్కలు కావాలంటే ఎంత పదునుండాలో అంత పెట్టాడు. రవ్వలు లేస్తుంటే నాకు నరసింహులు అరచేయి గుర్తొచ్చింది. అప్పుడే గుర్తొచ్చింది. మరిచిపోయానని తర్వాత ఎన్నిసార్లు చెప్పుకున్నా, అది నిజం కాదు.

వాడికి దెబ్బ తగలాలని కోరుకున్నానా? లేదు. చురుక్కుమంటే చెయ్యి వదిలేస్తాడని, జనం ఘొల్లుమని నవ్వుతారని, ఆ ఒక్కరోజు కత్తి నా చేతిలోనే మిగులుతుందని అనుకున్నాను. అంతే. ఆ "అంతే" అనే మాట ఎంత చిన్నదో, దాని వెనక ఎంత దాచుకోవచ్చో నాకు బాగా తెలుసు.

మా జట్టులో ఒక ఆనవాయితీ. రంగం ఎక్కేముందు, కత్తికి ఎదురు నిలిచే వేషగాడు ఎదుటివాడి కత్తి అంచు మీద బొటనవేలు నడిపి కళ్లకద్దుకోవాలి. నాటకం బడి ఆవరణలో, పట్టపగలు నాలుగు గంటలకు. కడప నుంచి వచ్చిన ఆఫీసర్లు చీకటి పడేలోపు తిరిగి వెళ్లాలి. పదివేల మంది వచ్చారని చెప్పుకుంటూ వచ్చాను. మూడు వందలుంటారేమో, చంకలో పిల్లలతో కలిపి. నరసింహులు వేలు చాపాడు. నేను కత్తిని ఒరలోంచి తీయలేదు. తళతళ జనమే ముందు చూడాలిరా అన్నాను. వాడు నవ్వి, ఒరనే తాకి కళ్లకద్దుకున్నాడు.

ఎండలో కత్తి నిజంగానే మెరిసింది. వాడు పట్టుకున్నాడు. వదల్లేదు. వాడి కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి. పద్యం తప్పలేదు. గుంజుకుని, నన్ను కూల్చి, పద్యం చివరిదాకా పాడాడు. మోచేతి దాకా కారుతున్నది రంగునీళ్లనుకుని జనం ఈలలు వేశారు. అన్ని ఈలలు నా జన్మలో వినలేదు. ఇది కోత కాదు.

కట్టు కట్టించారు. చేయి మానింది గానీ రెండు వేళ్లు మళ్లీ పూర్తిగా ముడవలేదు. వాడు రాళ్లు పొదగడం మాని అంగట్లో గీటురాయి దగ్గర కూర్చున్నాడు.

మర్నాడు అయ్యవారు అడిగితే, తుప్పు తుడవమని మాత్రమే ఇచ్చానని, పదును మస్తాన్ మామే పెట్టాడని చెప్పాను. అందరం సాన దగ్గరికి వెళ్లాం. నేను వెనక నిలబడ్డాను. అడగకుండా పదునెట్లా పెట్టావని అయ్యవారు నిలదీశాడు. మామ చక్రం ఆపాడు. మనుషుల మధ్య నుంచి నన్ను వెతికి చూశాడు. ఇప్పుడు చెబుతాడనుకున్నాను. నా కోసం ఒక క్షణం ఆగినట్టే ఆగాడు. నేను నేల చూశాను.

"నేనే పెట్టినాన్లేప్పా," అన్నాడు. "పని అడిగేది మర్సిపోయినా."

ఎందుకన్నాడు? వాళ్ల ఇల్లు మా నాయన స్థలంలో ఉండేది. అందుకా? కుర్రోడి పరువు పోతుందనా? అడిగే హక్కు నాకు లేకుండా చేసుకున్నాను. ఆ తర్వాత ఊళ్లో ప్రతి ఒక్కడూ, "పని అడిగినావా మామా?" అని నవ్వడం మొదలుపెట్టాడు. కత్తిపీటలు రావడం తగ్గింది. ఏడాది తిరక్కుండానే ఆయన చక్రం ఎత్తుకుని పులివెందులకు వెళ్లిపోయాడు.

రాజధాని హైదరాబాదుకు మారాక కొన్నేళ్లకు, కత్తిని గుడ్డలో చుట్టుకుని, ముద్దనూరులో బస్సు మారి పులివెందులకు వెళ్లాను. బస్టాండు పక్కనే ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. నాకు టీ తెప్పించాడు. గుడ్డ విప్పగానే కత్తిని గుర్తుపట్టాడు.

"దీంతో ఏం పనుండాది?"

"పనేం లేదు మామా. దీన్ని మొండి జెయ్యాల."

ఆయన కత్తిని మళ్లీ గుడ్డలో చుట్టి నా ఒళ్లో పెట్టాడు. "మొండి జేసేది నాకు రాదప్పా," అన్నాడు. కోపంగా కాదు. తను నేర్చుకోని పని గురించి చెప్పినట్టు, మామూలుగా. తర్వాత ఎవరో కొడవలి ఇస్తే, దాని పని అడిగి తొక్కడం మొదలుపెట్టాడు. టీ తాగేశాను. చెప్పాల్సిన మాట చెప్పకుండానే బస్సెక్కాను.

మామ పోయాడు. నరసింహులు మొన్నామధ్య పోయాడు. ముడవని ఆ రెండు వేళ్లూ మనవలకు చూపించి ఈలల సంగతి గొప్పగా చెప్పుకునేవాడు. పాపం మస్తాను మర్చిపోయినాడని ముగించేవాడు. నేను పక్కనే కూర్చుని తలాడించేవాణ్ని.

కత్తి ఇప్పటికీ పదునుగానే ఉంది. అంత మంచి పని ఆయనది. క్షమించమని అడగను, అడగడానికి ఎవరూ మిగల్లేదు. ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆయన మర్చిపోలేదు. మస్తాన్ మామ పని అడిగాడు. గుమ్మడికాయ అని నేనే చెప్పాను.