మా కొట్టు గోడలు ఎరిగిన మేస్త్రి గారు

మా సున్నం మేస్త్రి గారు పోయారని సోమవారం పొద్దున ఆగిరిపల్లి నుంచి కబురొచ్చింది. నూజివీడు పెద్దవీధిలో మా మామిడిపళ్ళ కొట్టు చూసినవారికి ఆయన చేతిపని తెలుసు. వీధి వైపు ఆరు కమానులు, మేడ మీద చెక్క వసారా, లోపల కాయలు మాగబెట్టే పొడుగాటి గది, అన్నీ ఆయనా, వాళ్ళ నాన్నా కట్టినవే.

డంగు సున్నంలో బెల్లం నీళ్ళూ, కరక్కాయ నీళ్ళూ కలిపి, కోడిగుడ్డు తెల్లసొనతో మెరుగు పెట్టారట. ఏటా కాయ దిగకముందే, ఎవరూ పిలవకుండానే మేస్త్రి గారు వచ్చేవారు. గోడకు చెవి ఆనించి, వేలి కణుపుతో కొట్టి చూసేవారు. "కాయ మాగేటప్పుడు చెమట పడుతుందండీ. దాన్ని తాగేది ఈ గోడే" అనేవారు. మేం నవ్వుకునేవాళ్ళం. చుట్ట మాత్రం బయట అరుగు మీదే వదిలి లోపలికొచ్చేవారు, సున్నానికి పొగ పడదని. అది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు.

నాలుగేళ్ళ కిందట నా బుద్ధి గడ్డి తిని, బెజవాడలో కొత్త షాపులు చూసొచ్చి, ఆ గదికీ కమానులకీ సిమెంటు పూయించాను. నున్నగా ఉందని వీధంతా మెచ్చుకుంది. ఆ వేసవి మేస్త్రి గారు వచ్చి, గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడిపోయారు.

"ఎవరు చేశారండీ ఈ పని?"

"నేనే చేయించాను."

"దీనికిక ఊపిరాడదు బాబుగారూ."

అరుగు మీది చుట్ట తీసుకుని వెళ్ళిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ ఏడే వరిగడ్డిలో మాగబెట్టిన కాయలకు నల్లమచ్చలు పడ్డాయి. తరవాత గోడలు చెమర్చి, ఉబ్బి, పోయిన వానల్లో ఒక కమాను పగిలింది. సిగ్గు విడిచి ఆయన్నే పిలిపించాను. సిమెంటు గీకితే ఇటుక కూడా దాంతోనే ఊడొచ్చింది. "చూద్దాం, కొంచెం టైమివ్వండి" అని వెళ్ళారు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ ఉన్నాను.

చావు కబురు విన్న పూటే మా నాన్నగారు, "ఇంకెవరున్నార్రా ఆ పని తెలిసినవాళ్ళు?" అని, కొట్టు పడగొట్టడానికి మనుషుల్ని మాట్లాడారు. నేను అడ్డు చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ గోడల్ని చంపింది నేనే.

నిన్న పరామర్శకు వెళ్ళాను. మేస్త్రి గారి భార్య నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ గోతిలో, నీళ్ళ అడుగున, తెల్లగా సున్నం నానుతోంది.

"మీ గోడకేనండీ. మంచాన పడ్డాక కూడా, నీళ్ళు పోశావా అని రోజూ అడిగేవారు. ఎప్పుడు పట్టుకెళతారండీ?"

ఆమె నా మొహంలోకి చూసి, సున్నం ఎండిపోకుండా ఇంకో బిందెడు నీళ్ళు పోసింది.