వాయిదాల వెంకటి

కోరుట్లలో బట్టల దుకాణం నడిపే వెంకటిని ఇంటిపేరుతో చెబితే ఎవరూ గుర్తుపట్టరు. వాయిదాల వెంకటి అనాలి. పక్కింటాయనతో ఒక గోడ గురించి జగిత్యాల కోర్టులో ఏళ్ల తరబడి కొట్లాడాడు. చివరికి ఆ గోడ వానకు కూలిపోయింది, ఇద్దరూ కలిసిపోయారు. దాన్నే తన గెలుపుగా చెప్పుకుంటాడు మహానుభావుడు. కోర్టు సంగతి ఎవరు ఎత్తినా ఆయన సలహా ఒక్కటే: "వాయిదా అడుగు."

సిరిసిల్ల ఖలీల్ ఆయనకు పాత స్నేహితుడు. మరమగ్గాలు నడుపుతాడు, అక్కడ వాటిని సాంచెలంటారు. నూలు ఇచ్చిన సేటు, బట్ట పాడుచేశాడని ఖలీల్ మీద దావా వేశాడు. నిజానికి నూలే నాసిరకం, సాంచె మీదికి ఎక్కించగానే తెగిపోయేది. ఓడితే సాంచెలు జప్తుకు పోతాయి. జవాబు తొందరగా వేద్దామని వకీలు ఫోన్ మీద ఫోన్ చేశాడు.

"వకీళ్లు గట్లనే ఆగమాగం చేస్తరు ఖలీల్ భాయ్. జర ఆగు. గా సేటే యాష్టకొచ్చి రాజీకొస్తడు," అన్నాడు వెంకటి.

కానీ ఈ దావా పడింది కమర్షియల్ కోర్టులో. వ్యాపార తగాదాలు ఏళ్లకేళ్లు నానకూడదని దేశమంతటికీ తెచ్చిన చట్టం అక్కడ నడుస్తుంది. సమన్లు అందిన నూట ఇరవై రోజుల్లో జవాబు వేయకపోతే ఇక తీసుకోరు. ఈ సంగతి వెంకటికి తెలియదు. తెలియదని చెప్పడానికి ఆయనకు నోరు రాదు.

వెంకటి మాట విని ఆగిన ఖలీల్, చివరికి తెగిన నూలు కండెలు సంచిలో వేసుకుని కోర్టుకు వెళ్లాడు. గడువు దాటిందని జడ్జి జవాబు తీసుకోలేదు. సంచిలో ఏముందని ఎవరూ అడగలేదు. వెనక బెంచీ మీద కూర్చున్న వెంకటికి తలెత్తాలంటే సిగ్గేసింది. కొన్నాళ్లకు తీర్పు సేటు వైపే వచ్చింది.

తప్పు ఒప్పుకోవాలని వెంకటి సిరిసిల్ల వెళ్లాడు. ఆయన నోరు తెరిచేలోపే ఖలీల్ భార్య ఆయేషా చాయ్ తెచ్చింది.

"అన్నా, జవాబు జల్ది ఎయ్యమని నువ్వు మొత్తుకున్నవంట గద. గీయననే ఇనలే. నీ మాట తీసేసిండు, మాఫ్ చెయ్యి," అంది.

వెంకటి ఖలీల్ వైపు చూశాడు. అతను తల దించుకుని చాయ్ తాగుతున్నాడు. స్నేహితుడి పరువు కాపాడడానికే అతను భార్యతో అబద్ధమాడాడని వెంకటికి అర్థమైంది. ఉన్నమాట చెప్పడానికే అంతదూరం వచ్చినవాడు, కప్పు అందుకున్నాడు.

"పర్వాలేదు చెల్లె. అయిందేదో అయింది," అన్నాడు.