చెనక్కాయకు ఇంకో పేరుంది

మా పెద్దక్క పోయింది. మొన్న శుక్రవారం పొద్దున, కువైట్‌లోని సల్వాలో నేను పనిచేసే ఇంటి వంటగదిలో పిండి కలుపుతుండగా ఆమె కూతురు ఊరి నుంచి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ లేదు," అంది. గుండె జబ్బుతో ఎనిమిది నెలల కిందట కువైట్ వదిలి వెళ్ళిన మనిషి. ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన మాటే. అయినా ఆ క్షణంలో నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మొదట నేను ఆమె గురించి కూడా ఆలోచించలేదు. ఎదురుగా గట్టు మీద ఎవరో తెచ్చిన కొత్త పొట్లం ఉంది. దాని మీది పేరు నాకు తెలియదు. చదివి వాయిస్ మెసేజ్ పెట్టి అక్కను అడుగుదామని పక్కన ఉంచాను. ఇక ఎవరిని అడగాలి? ఆ పొట్లాన్ని ఆ రోజు నేను విప్పలేదు.

ఆమె నాకు తోడబుట్టింది కాదు. మాది అన్నమయ్య జిల్లా, ఆమెది కడప పక్క. నేను ఈ ఇంటికి వచ్చేనాటికే ఆమె ఇక్కడ పద్దెనిమిదేళ్ళుగా వంట చేస్తోంది. నేను పై పనులకు, వంటలో సాయానికి వచ్చాను. ఇంటి పెద్దావిడను మేమిద్దరం మామా అంటాం, ఇక్కడ పనివాళ్ళంతా యజమానురాలిని అట్లాగే పిలుస్తారు. మామా వయసులో ఉండగా లండన్‌లో చదివింది. కోడలు అమెరికాలో చదివింది, ఆమెను చిన్న మేడం అంటాం. ఇద్దరూ మాతో ఇంగ్లీషులోనే మాట్లాడతారు, కోపం వస్తే అరబ్బీలోకి దిగుతారు. ఇద్దరిదీ ఇంగ్లీషే అయినా వంటగదిలోకి వచ్చేసరికి ఎవరి ఇంగ్లీషు వాళ్ళదే.

మామాకు వంకాయ ఆబర్జీన్. కోడలికి ఎగ్‌ప్లాంట్. పదో తరగతి చదివిన నాకు తెలిసింది బ్రింజాల్. మొదటి వారంలో చిన్న మేడం ఎగ్‌ప్లాంట్ చేయమంటే ఆరు గుడ్లు ఉడకబెట్టి తీసుకెళ్ళాను. మామా చిప్స్ అడిగితే బంగాళాదుంప ముక్కలు వేడిగా వేయించి ఇవ్వాలి. అదే మాట కోడలు అంటే దుకాణంలో దొరికే కరకరలాడే పొట్లం. ఒకరి చిప్స్ ఇంకొకరికి పెట్టి తిట్లు తిన్నాను. తిట్లకు ఏడ్చే వయసు కాదు గానీ, ఎప్పుడు ఏ మాట వినపడుతుందో అని మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే చేతిలో పని ఆపేసేదాన్ని.

ఒకరోజు సూప్ కాగుతుంటే చిన్న మేడం తలుపు దగ్గర నిలబడి, స్టార్చ్ వేసి చిక్కగా చేయమని చెప్పి వెళ్ళిపోయింది. స్టార్చ్ అంటే నాకు గంజి. మగవాళ్ళు తలకు కట్టుకునే గుత్రాలు నిలబడేలా ఇస్త్రీ గదిలో చల్లే డబ్బా మీద ఆ మాటే ఉంటుంది. పరుగున పోయి ఆ డబ్బా తెచ్చాను. మూత తీశాను కూడా. వెనక నుంచి పెద్దక్క నా మణికట్టు పట్టుకుంది.

"యాడికి తీసకపోతాండావ్ దాన్ని?"

"సూపులో స్టార్చ్ వెయ్యమనింది అక్కా."

ఆమె నవ్వలేదు. అరలోంచి తెల్లటి పిండి డబ్బా దించి, మూత తీసి వాసన చూసి నా ముందు పెట్టింది. "మామా దీన్ని కార్న్‌ఫ్లోర్ అంటాది. చిన్నామె కార్న్‌స్టార్చ్ అంటాది. రెండూ ఇదే. చిన్నామె నోట్లో కార్న్‌ఫ్లోర్ అని వస్తే మాత్రం అది పసుప్పచ్చ పిండి, మొక్కజొన్నలది. వినపడిందా మే?"

వినపడింది గానీ తలకెక్కలేదు. ఆ రాత్రంతా ఆ డబ్బా సూపులో పడి ఉంటే ఏమయ్యేదో అనుకుంటూనే పడుకున్నాను. అంతకంటే పెద్ద భయం ముందుందని తెలియదు.

పెద్దక్కకు చదువు రాదు. అక్షరం తెలియని ఆ మనిషి రెండు ఇంగ్లీషులూ, అరబ్బీ, ఉర్దూ చెవితోనే పట్టుకుంది. ఏ వస్తువును ఎవరు ఏమంటారో, అనేటప్పుడు వాళ్ళ ముఖం ఎట్లా ఉంటుందో కూడా ఆమెకు గుర్తు. వాసన చూడకుండా ఏ డబ్బాలోదీ గిన్నెలో వేసేది కాదు, అది ఉప్పయినా సరే.

చిన్న మేడం కూతురికి అప్పుడు ఐదేళ్ళు. నేను వచ్చిన కొత్తలోనే చిన్న మేడం నన్ను పిలిచి, పాపకు పీనట్ పెట్టకూడదని, పెడితే ప్రాణానికే ప్రమాదమని గట్టిగా చెప్పింది. ఫ్రిజ్ మీద కాగితం కూడా అంటించింది. అర్థమైందా అంటే అయిందన్నాను. పీ అంటే బఠాణీ అని బడిలో చదువుకున్నాను. నట్ అంటే గింజ. బఠాణీ గింజలు పాపకు పడవు కాబోలు అనుకున్నాను. ఆ రోజు నుంచి పాప పులావులో ఒక్క బఠాణీ కనిపించినా చెంచాతో ఏరేసేదాన్ని. అంత జాగ్రత్తగా ఉన్నాను.

మా ఊళ్ళో పండేది వేరుశనగే. మా ఇంట్లో అందరూ ఆ చేలలో పెరిగినవాళ్ళమే. మేం చెనక్కాయలంటాం. నూనె డబ్బాల మీద, మార్కెట్ యార్డులో బోర్డు మీద ఇంగ్లీషులో గ్రౌండ్‌నట్ అని రాసి ఉండేది. దానికి ఇంకో పేరు ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

సెలవుకు వెళ్ళొచ్చిన ఒక డ్రైవర్ చేత మా అమ్మ డబ్బా నిండా చెనక్కాయల ఉండలు పంపింది. ఒక మధ్యాహ్నం చిన్న మేడం బయటికి వెళ్ళింది, మామా పైన నమాజులో ఉంది, పెద్దక్క పెరట్లో చేపలు కడుగుతోంది. నేను గట్టు పక్కన నిలబడి ఒక ఉండ తింటున్నాను. పాప వచ్చి చెయ్యి చాపింది. ఇచ్చేముందు ఆ పాపే అడిగింది, తల్లి నేర్పినట్టు, ఒక్కో మాటా విడదీసి. ఇందులో పీనట్ ఉందా అని.

"నో పీనట్, హబీబ్తీ," అన్నాను. నవ్వుతూ, ముద్దు చేస్తూ అన్నాను.

రెండుసార్లు కొరికిందో లేదో పాప దగ్గింది. గొంతు గోక్కుంది. పెదవులు నా కళ్ళముందే లావెక్కాయి. బుగ్గల మీద ఎర్రగా దద్దుర్లు తేలాయి. ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. నేను అరిచానో లేదో తెలియదు, పెద్దక్క చేపల చేతులతోనే లోపలికి వచ్చింది.

"ఏం పెట్టినావే బిడ్డకు?"

"ఏం పెట్టలేదక్కా."

అబద్ధం నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. పెద్దక్క గట్టు మీద తెరిచి ఉన్న డబ్బాను చూసింది.

"ఇవి పీనట్ గదే!"

"కాదక్కా, చెనక్కాయలు."

"చెనక్కాయనే పీనట్ అంటారు మే!"

ఆ మాట నాకు తగిలేలోపే ఆమె సొరుగు లాగి నీలం సంచిలోంచి, పాప కోసమే ఉంచిన పెన్ను లాంటి సూదిమందు తీసింది. చిన్న మేడం దాన్ని వాడటం పెద్దక్కకు ఒక్కదానికే నేర్పింది. గౌను మీద నుంచే పాప తొడలో పొడిచి, కదలకుండా పట్టుకుని డ్రైవర్‌ను కేకేసింది. మామా చెప్పులు లేకుండా మెట్లు దిగి వచ్చింది.

కారులో మామా ఒళ్ళో పాప. నేను వెనక సీటు మూలకు నక్కి కూర్చున్నాను. ఏం తిన్నదని మామా అరబ్బీలో అడిగింది. కేసు పెడతారు, పోలీసులు వస్తారు, ఊరికి పంపేస్తారు, లేదా పంపను కూడా పంపరు. తలలో ఇవే తిరుగుతున్నాయి. పెద్దక్క నావైపు తిరగకుండానే మెల్లగా అంది. "నువ్వే చెప్పల్ల. డాక్టరు అడిగేది అదే. నీ పని పోతే ఇంకోటి వస్తాది. ఈ బిడ్డ పోతే రాదు."

చెప్పాను. ఉండ ఇచ్చింది నేనేనని, అందులో ఉన్నది వేరుశనగేనని చెప్పాను. అరబ్బీలో దాని పేరు రాక ఆగిపోతే పెద్దక్క అందించింది, ఫూల్ సూదానీ అని. మామా కళ్ళు మూసుకుంది.

ఆసుపత్రిలో చీకటిపడేదాకా కూర్చున్నాం. లోపలి నుంచి పాప ఏడుపు గట్టిగా వినపడినప్పుడు పెద్దక్క ఒక్కసారిగా గోడకు ఆనుకుంది. "ఏడుస్తాంది. ఊపిరాడతాంది," అంది. ఏడుపు విని అంత ఊరట పొందడం నాకు అదే మొదటిసారి.

మర్నాడు పాప ఇంటికి వచ్చింది. పాపే తల్లితో చెప్పింది, పీనట్ ఉందా అని అడిగితే నేను లేదన్నానని. చిన్న మేడం నన్ను హాల్లో నిలబెట్టి, ఖలాస్, ఇక చాలు, దీని ఇఖామా, అదే ఇక్కడ ఉండే అనుమతి, రద్దు చేయించి పంపించేయండి అని మామాతో అంది. ఆమెను తప్పుపట్టను. నేను తల్లినైనా అదే అంటాను.

పెద్దక్క పిలవకుండానే వచ్చి నా పక్కన నిలబడింది. తనకు వచ్చిన అరబ్బీలో చెప్పింది. ఈ పిల్ల అబద్ధం ఆడలేదు, దానికి ఆ పేరు తెలియదు. మా దేశంలో ఆ గింజకు ఇంకో ఇంగ్లీషు పేరు. ఆ ఇంగ్లీషు మీ ఇంగ్లీషు కాదు, మామా ఇంగ్లీషూ కాదు. అర్థమైందా అని మీరు అడిగితే భయపడి అయిందనింది. నాకు తెలుసు గదా, గింజ చేతిలో పెట్టి చూపించాల్సింది నేను. చూపించలేదు. పంపితే ఇద్దరినీ పంపండి.

మామా కోడలి వైపు తిరిగి, "నువ్వు చెప్పే కూరగాయలు సగం నాకే తెలియవు," అంది. చిన్న మేడం ఏడ్చింది. నన్ను పంపలేదు. కానీ రెండేళ్ళపాటు పాపకు నా చేత్తో నీళ్ళు కూడా ఇవ్వనివ్వలేదు. అదీ న్యాయమే.

నేనే ఉండలేననుకున్నాను. పెట్టె సర్దుకుంటుంటే పెద్దక్క వచ్చి మంచం మీద కూర్చుంది.

"నాకు బయం లేదనుకుంటివా?" అని కుడిచెయ్యి చాపింది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "దినామూ పొయ్యి ముట్టిచ్చేటప్పుడు ఇట్లే. పద్దెనిమిదేండ్లైనా పోలే. పోకూడదు కూడా. తెలీదని చెప్పేదానికి బయపడొద్దు. తెలుసు అనేటప్పుడు బయపడు."

మర్నాటి నుంచి భోజనాల తర్వాత రోజూ ఒక వస్తువు నా అరచేతిలో పెట్టేది. కొత్తిమీర పెట్టి, మామా కొరియాండర్ అంటుందని, చిన్నామె సిలాంట్రో అంటుందని, బజారులో కొజ్బరా అనాలని చెప్పేది. రొయ్యలు పెట్టి ప్రాన్స్ అనేది, ష్రింప్ అనేది. ఆమె చెబితే నేను తెలుగులో రాసుకునేదాన్ని. "రాసినావా? చదువు," అని తిరిగి వినేది. ఒక అక్షరం తేడా పడినా పట్టుకునేది. తను చదవలేని కాగితాలను నాకంటే జాగ్రత్తగా అరల తలుపులకు లోపలివైపు అంటించేది.

జబ్బుపడి ఊరికి వెళ్ళాక కూడా నేను వారానికి ఒక్కసారైనా ఏదో ఒక పేరు అడిగేదాన్ని. ఆయాసంతోనే జవాబు వచ్చేది. తెలియకపోతే, "నాకూ తెలీదు, చిన్నామెను అడుగు, ఏమీ కొరకదు," అనేది.

ఆ శుక్రవారం సాయంత్రమే, ఊళ్ళో కార్యమంతా అయ్యాక, ఆమె కూతురికి మళ్ళీ ఫోన్ చేశాను. చివరి రోజుల గురించి అడిగాను. చేలో చెనక్కాయలు పీకే కాలం, అమ్మ వద్దన్నా వినకుండా చెట్ల కుప్ప దగ్గర కూర్చొని కాయలు తెంపేదని చెప్పింది. ఆపైన కాసేపు ఆగి అడిగింది.

"ఒకటి నాకు అర్తం కాలే అక్కా. మా పిల్లోళ్ళకు ఏ జబ్బూ లేదు. అయినా చెనక్కాయలు ముట్టుకున్న చేతుల్తో ఒక్కనాడు బిడ్డల్ని ఎత్తుకోలే. బోరు కాడికి పోయి, సబ్బేసి, మోచేతుల దాకా కడిగి, మళ్ళీ కడిగి... ఎందుకుమా అంటే చెప్పేది గాదు. నీకేమన్నా తెలుసా?"

నాకు తెలుసు. ఆ బోరు నా కళ్ళకు కట్టింది. బోరు పక్కన ఆమె తడి చేతులను చీరకు తగలకుండా ముందుకు చాపి, ఆరేదాకా నిలబడి ఉంటుంది. ఎర్రమట్టిలో కొంచెం దూరంగా, ఎత్తుకోమని చేతులు చాచి మనవరాలు ఎదురుచూస్తూ ఉంటుంది.