గాలిమరకు అడ్డుపడ్డ మా పెద్దలు

మా ఊరు గద్వాల దగ్గరి ధరూర్‌కు అవతల. ఊరి గుట్ట మీద వీచే గాలి సంగతి చెబితే జనం నమ్మరు. అక్కడ మేసే మేకలు గాలికి ఎదురొడ్డి ఒక పక్కకు వంగి నిలబడటం అలవాటు చేసుకున్నాయి. అంగడిలో వాటిని కొన్నవాళ్లు, గాలి లేని చోట పక్కకు పడిపోతున్నాయని వెనక్కి తోలుకొచ్చారు. ఇందులో సగం నిజం. గాలి మాత్రం పూర్తిగా నిజం.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ గుట్ట మీద ఊరంతా కలిసి ఒక చిన్న గాలిమర నిలబెట్టాం. ఇంటికొక పల్లికాయ బస్తా వేసుకున్నాం కాబట్టి అది ఏ ఒక్కరిదీ కాదు. దాని కింది గదిలో బ్యాటరీలు చార్జింగు చేసేవాళ్లం. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని ఆ రోజుల్లో పక్క ఊళ్ల వాళ్లు కూడా బ్యాటరీలు మోసుకొచ్చేవాళ్లు. వచ్చిన ఆదాయాన్ని పంచుకోకుండా గుట్టకూ, దాని కింది నీటి కుంటకూ ఖర్చు పెట్టాలని కట్టుబాటు.

ఆ గది చూసుకునేది మా అక్క. బావ పోయాక కుంట కింది కాస్త పొలంతో ఒంటరిగా నెట్టుకొస్తోంది. గుట్ట మీది మట్టి జారి కుంట పూడిపోయింది, ఆమె బావి ఎండుతోంది. పూడిక తీస్తేనే బావిలో నీళ్లు. నీళ్లుంటేనే ఆమె ఊళ్లో ఉండేది.

"ముందుగాల చెట్లు పెట్టాలె తమ్మీ. మట్టి ఆగకుంట కుంట తవ్వితే మళ్ల నిండుతది" అంది అక్క.

గాలిమర ఆదాయంతో నీలగిరి మొక్కలు తెచ్చి, కుంట వైపు, అంటే పడమటి వాలు మీద వరుసలుగా నాటాం. ప్రతి ఇల్లూ తన మొక్కలకు ఇంట్లో పోయిన పెద్దల పేర్లు పెట్టుకుంది. పెద్దలను తలుచుకునే పెత్రమాస నాడు చెట్టు మొదట్లో అన్నం ముద్ద పెట్టేవాళ్లం. అట్లా చూసుకున్నాక ఎండుతాయా? కొన్నేళ్లకే గాలిమర కంటే ఎత్తు లేచాయి. ఏటా పడమటి గాలికే పల్లికాయ తూర్పారబట్టే మాకు, ఆ గాలి దారిలోనే చెట్లు పెడుతున్నామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

రెక్కలు నెమ్మదించాయి. హైదరాబాద్ నుంచి మెకానిక్ వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"గాలొచ్చే తొవ్వకు గోడ కట్టిండ్రు కదనే! ఏం పెట్టి పెంచిండ్రు గీటిని?"

"అన్నం" అన్నాను. అబద్ధం కాదు కదా.

స్తంభం ఎత్తు పెంచితే పునాది ఆగదట. పడమటి వరుసలు కొట్టెయ్యడమే దారి అని చెప్పి అతను వెళ్లిపోయాడు. ఊరంతా గొడ్డళ్లతో గుట్టెక్కాం.

"మీ తాతతోటి మొదలువెట్టు. బతికున్నన్ని దినాలు గూడ అందరికి అడ్డమొచ్చుడే ఆయన పని" అన్నాడొకడు.

"ముందు మీ అవ్వను కొట్టు. మా తాత ఎటు పోతడు?"

అందరం నవ్వాం. గొడ్డలి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

"నవ్వుడు అయిందా?" అంది అక్క. "కుంట ఎండితే మీకు బోర్లున్నయ్. నాకేమున్నది?" గొడ్డలి తీసుకుని నేరుగా బావ చెట్టు దగ్గరికి వెళ్లింది. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. చెట్టు కుంట వైపుకు ఒరిగింది. చెమట తుడుచుకుని, "ఇగ మీ వంతు" అంది.

ఒకరు ఇంట్లో అడిగొస్తానన్నారు. ఒకరు అమావాస్య పోనీ అన్నారు. ఒకరి వెనక ఒకరం గుట్ట దిగాం.

ఒక్క చెట్టు సందులోంచి ఎంత గాలి వస్తుంది? గాలిమర ఆగిపోయింది, గదికి తాళం పడింది, పూడిక తీసే డబ్బు లేక కుంట అట్లాగే ఉండిపోయింది. చెట్టు కోసం మనిషిని ఎండబెట్టే రకం కాదు మా పెద్దలు. బతికుంటే గొడ్డలి వాళ్లే అందించేవాళ్లు. ఈ మాట ఆ రోజు గుట్ట మీద ఒక్కరి నోటా రాలేదు.

అక్క పొలం కౌలుకిచ్చి గద్వాలలో ఒక నేతవాళ్ల ఇంట్లో కండెలకు దారం చుట్టే పనికి కుదిరింది. ఆ మధ్య చూడటానికి వెళ్లాను. అప్పటికీ కుంటలోంచి తట్టెడు మట్టి ఎత్తినవాళ్లు లేరు.

"కుంట ఎట్లున్నది తమ్మీ?" రాట్నం ఆపకుండానే అడిగింది.

"పూడిక తీస్తుండ్రక్కా. తెల్లారితే ట్రాక్టర్ల మోతే. ధరూర్ దాక దుమ్ము."

"మన బాయిల నీళ్లొచ్చినయా?"

"వంగి చెంబుతోని ముంచుకోవచ్చు."

దారం తెగింది. తలెత్తకుండా ముడి వేసింది.

"మంచిగ చెప్తవురా" అంది. "ఇంక జర చెప్పు."