అనంతగిరి రోడ్డు మీద పసుపు జీపు

ఫిబ్రవరిలో పాస్టరుగారి అమ్మాయి పోయింది. అరకులో మా కొట్టుకీ వాళ్ళ చర్చికీ మధ్య ఒక సందే అడ్డం. నేను సరుకుల కొట్టు వాళ్ళ పిల్లను, ఆమె చర్చి వెనకింటి పిల్ల. చిన్నప్పటి నుంచి స్నేహితులం. పెళ్ళయ్యాక విశాఖలో ఉండేది. జబ్బు కూడా అక్కడే చేసింది, పోవడమూ అక్కడి ఆస్పత్రిలోనే. అంబులెన్సులో ఘాట్ ఎక్కించి తీసుకొచ్చి చర్చి వెనక సిల్వర్ ఓక్ చెట్ల కింద భూస్థాపన చేశారు.

అందరితో పాటు నేనూ గుప్పెడు మట్టి వేశాను. ఒక పూలదండకి చుట్టిన ప్లాస్టిక్ కవరు ఎవరూ తియ్యలేదేమిటా అనుకుంటూ నిలబడ్డాను. వాళ్ళ వదిన నా వీపు నిమురుతూ, "ఏడవమ్మా, ఏడిస్తే తేలికవుతాది" అంది. తల ఊపాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను కూడా. రాలేదు. జబ్బు సంగతి మొదటిసారి ఫోన్లో చెప్పిన రోజు నుంచీ అంతే. తిమ్మిరెక్కిన కాలు మీద నిలబడ్డట్టు ఉంది. కాలు ఉందని తెలుస్తుంది, నేల తెలియదు.

ఆమెను తలుచుకుంటే నాకు ముందు జీపు గుర్తొస్తుంది.

మా నాన్న విజయనగరం వైపు నుంచి బట్టల మూటతో ఈ కొండలెక్కిన మనిషి. బస్టాండు దగ్గర కొట్టు పెట్టాక కూడా సంతలు మానలేదు. స్టీలు సామాను, దుప్పట్లు, గొడుగులు, పూసలు జీపులో వేసుకుని సంత సంతకీ తిరిగేవాడు. ఆ జీపు ఏదో ఆఫీసు వాళ్ళు వేలం వేస్తే కొన్నది. తర్వాత సుగరొచ్చి ఆయన చూపు మందగించింది. పెట్టుకున్న డ్రైవరేమో సంత చేరగానే జీలుగు కల్లు తాగి జీపు కిందే పడుకునేవాడు. అప్పటికి నేను డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఒకరోజు నాన్న నన్ను కాలేజీ మైదానానికి తీసుకెళ్ళి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు.

అమ్మ గొడవ పెట్టింది. "గుంటకి జీపు నేర్పుతున్నాడు. రేపు సంబంధం వోళ్ళకి ఏటి సెప్తాడంట?"

"జీపొచ్చని సెప్తాను. ఇంకేటి సెప్తాను?" అన్నాడు నాన్న.

అలా నేను సంతలకి జీపు తోలడం మొదలుపెట్టాను. రెండో నెలలో దారిలో ఒకమ్మాయి చెయ్యెత్తి ఆపింది. భుజాన టీకా మందుల నీలం డబ్బా. కొత్తగా వచ్చిన హెల్త్ వర్కరు. అనంతగిరి అవతల కొండ మీద ఒక గూడెం వాళ్ళది. పసిపిల్లల తల్లుల కోసం ఊరూరా తిరిగేకన్నా సంతలో కూర్చుంటే అందరూ అక్కడే దొరుకుతారని ఆమె ఆలోచన. ఆ రోజు నుంచి ప్రతి సంతకీ నా పక్క సీట్లో ఆమే. అందరిలాగే నేనూ నర్సమ్మ అనే పిలిచేదాన్ని. ఇప్పటికీ అంతే.

పాస్టరుగారి అమ్మాయి మిషను బడిలో పాఠాలు చెప్పేది. సంతలో ఆమెకి పనేమీ లేదు. సెలవు రోజైతే చాలు, వచ్చి మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చునేది. తోలడం నేర్పుతానంటే ఎప్పుడూ ఒప్పుకోలేదు. "నువ్వు రోడ్డు చూడు. మిగతాదంతా నేను చూస్తాను" అనేది. నిజంగానే మిగతాదంతా చూసేది. ఏ మలుపు దగ్గర ఏ పువ్వు పూసిందో, ఎవరింటి పెంకు జారిందో, ఎదురొచ్చే లారీలో క్లీనరు నిద్రపోతున్నాడో లేదో. ప్రతి లారీకీ చెయ్యూపేది. క్లీనర్లు కూడా ఊపేవాళ్ళు.

ఒక వర్షాకాలానికి జీపు బాడీ తుప్పు పట్టి చిల్లులు పడింది. బస్టాండు వెనక వెల్డింగు షాపతను, "ఇంక పనికిరాదు, తుక్కుకి ఇచ్చీండి" అన్నాడు. మేం ముగ్గురం ఒప్పుకోలేదు. నాన్నని బతిమాలి పైభాగం మొత్తం కోయించాం. గొట్టాలు వంచి కొత్త చట్రం, దాని మీద సామాన్ల కారియరు, పాత బస్సులోంచి పీకిన సీటు వెనక బోల్టులతో బిగింపు. లారీలు విప్పే చోట టేప్ రికార్డరు దొరికింది గానీ దాని స్పీకరు కీచుమనేది. కొట్లో సొట్టపడి అమ్ముడుపోని డేగిసా ఒకటి తెచ్చి, స్పీకరు అందులో పెట్టి సీటు కింద కట్టింది నర్సమ్మ. అప్పటి నుంచి డోలు కొట్టినట్టు మోగేది.

రంగు మాత్రం పాస్టరుగారి అమ్మాయి ఇష్టం. వలిసె పూల పసుపు కావాలంది. నవంబరులో ఈ లోయంతా పరుచుకునే పసుపు. రంగుల కొట్టువాడు రెండు డబ్బాలు కలిపి ఇదే అన్నాడు. చర్చి వెనక జీపు నిలబెట్టి ముగ్గురం కుంచెలతో పూశాం. తీరా ఆరాక చూస్తే పసుపుకొమ్ము రంగు. కుంచె గీతలు కనిపిస్తున్నాయి, రెండు మూడు తేనెటీగలు కూడా అతుక్కుని ఉన్నాయి. పాస్టరుగారు బయటికొచ్చి చూసి, "ప్రభువా" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

వెనక ఏం రాయాలన్న దాని మీద వారం గొడవ. ఆమె బైబిలు వాక్యం రాద్దామంది, నాన్న దేవుడి పేరు రాయమన్నాడు, నర్సమ్మ ఏమీ వద్దంది. చివరికి పాస్టరుగారి అమ్మాయి ఎవరికీ చెప్పకుండా పెద్ద అక్షరాలతో "మీరే ముందెళ్ళండి" అని రాసేసింది. ఘాట్ మీద మా జీపు నడక అలాంటిది మరి. అది చదివి బస్సుల వాళ్ళు హారను కొట్టడం మానేశారు.

సంత లేని ఆదివారాలు మావి. ఆమె చర్చి అయ్యాక, నేను కొట్టు కట్టేశాక, భోజనాలు చేసి బయలుదేరేవాళ్ళం. అరకు నుంచి సుంకరిమెట్ట మీదుగా అనంతగిరి దాకా, మళ్ళీ వెనక్కి. ఎక్కడికని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. డేగిసాలో పాట మోగేది, దాని మీద ఆమె చర్చి పాట పాడేది, రెండూ కలిసేవి కావు. కాఫీ తోటల దగ్గర మలుపులో ఆపి ఫ్లాస్కులో టీ తాగేవాళ్ళం. పనసకాయల కాలంలో వెనక సీటు నిండా పనసకాయలే. మోటారు సైకిళ్ళ మీద కుర్రాళ్ళు పక్కనుంచి పోతూ, "ఓలమ్మో, గుంటలే తోలేత్తన్నారు!" అని అరిచేవాళ్ళు. నర్సమ్మ ఊరుకునేది కాదు. "ఏం, బండికేటి తెలుసు తోలేది గుంటో గుంటడో!" అని తిరిగి అరిచేది. చీకటి పడే లోపే ఇల్లు చేరాలి. మా జీపుకి ఒక లైటు రోడ్డుని చూసేది, రెండోది ఆకాశాన్ని.

ఒకసారి సంతకి పోతూ అనంతగిరి వైపు దిగుతుంటే బ్రేకు పెడలు మెత్తగా కిందికి దిగిపోయింది. తొక్కితే ఏమీ లేదు. ఒకపక్క లోయ, ఒకపక్క కాఫీ తోట. గేరు తగ్గించాను, హ్యాండ్ బ్రేకు లాగాను. ఇంకా ఆగలేదు. నర్సమ్మ మందుల డబ్బాని పొట్టకేసి అదుముకుంది. పాస్టరుగారి అమ్మాయి మాత్రం ఏ గొంతుతో మలుపుల సంగతి చెప్పేదో అదే గొంతుతో, "కుడి పక్క గట్టు తక్కువుంది, అటు పోనీ" అంది. పోనిచ్చాను. జీపు గట్టెక్కి కాఫీ మొక్కల్లోకి దూరి ఆగింది. కాయలు వానలా మా మీద పడ్డాయి.

తోట కాపలాదారు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏటిది, మొక్కలన్నీ తొక్కేసినారు! డ్రైవరేడి?"

"నేనే."

"కాదమ్మా, డ్రైవరేడీ అని అడుగుతున్నాను."

"నేనే, అన్నా."

అతను మా ముగ్గుర్నీ చూశాడు, సీట్ల కింద కూడా వంగి చూశాడు. పాస్టరుగారి అమ్మాయి దిగి, జుట్టులో చిక్కుకున్న ఆకులు తీసుకుంటూ, "అన్నా, మీ మొక్కలు లేకపోతే మేం లోయలో ఉండేవాళ్ళం. మీ మొక్కలకి వందనాలు" అని చేతులు జోడించింది. అతను మొక్కల వంక చూశాడు. ఏమనుకున్నాడో, కర్ర పక్కన పెట్టి జీపు వెనక్కి నెట్టడానికి భుజం ఆనించాడు. తర్వాత చాన్నాళ్ళపాటు సీట్ల సందుల్లోంచి ఎండిన కాఫీ గింజలు రాలుతూనే ఉండేవి.

ఆ రోజులు ఎలా అయిపోయాయని అడిగితే పెద్ద కారణమేమీ లేదు. పాస్టరుగారి అమ్మాయికి పెళ్ళై విశాఖ వెళ్ళింది. నర్సమ్మకి బదిలీ అయింది, తర్వాత ఇంకో బదిలీ. ఇప్పుడు రంపచోడవరంలో సూపర్‌వైజరు. నాకూ పెళ్ళైంది, మా ఆయన ఇక్కడికే వచ్చి కొట్టు చూసుకుంటున్నాడు. సంతలకి సరుకు ఆటోల్లో పోవడం మొదలైంది. ఒక మధ్యాహ్నం పాపకి టీకా వేయించి ఇంటికొచ్చేసరికి పెరట్లో జీపు లేదు. పాడేరు వైపు నుంచి ఎవరో వచ్చి కొనుక్కుని తీసుకెళ్ళారని నాన్న చెప్పాడు. అది నిలబడే చోట నల్లటి ఆయిలు మరక ఉంది. దాని పక్కనుంచి నడిచి లోపలికెళ్ళి పాపకి పాలిచ్చాను. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. పని ఉంది, చేశాను.

భూస్థాపన అయ్యాక నర్సమ్మ మా కొట్టుకొచ్చింది. ముందు రోజు బయలుదేరి, దారిలో రాత్రి పడుకుని, తన చిన్న కారు తనే నడుపుకుంటూ వచ్చింది. జుట్టు సగం నెరిసింది. కొట్లోకి రాకుండా వీధిలోంచే, "ఎక్కు" అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికో ఏటి? మన రోడ్డుకే."

ఎక్కాను. అరకు దాటడానికే చాలాసేపు పట్టింది. సెలవులేమీ కాకపోయినా టూరిస్టు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. అద్దెకి తిప్పే జీపులు ఎదురొస్తున్నాయి. పైకప్పు లేదు, భుజాలెత్తు చక్రాలు, ముందు వరసగా లైట్లు. వాటి మీద నిలబడి పిల్లలు కేకలు పెడుతున్నారు.

"సూడు, ఎంత సోకు సేసినారో" అంది నర్సమ్మ.

"బాగున్నాయి" అన్నాను. నిజంగానే బాగున్నాయి.

కాఫీ తోటల దగ్గర మేం టీ తాగే మలుపులో ఇప్పుడు దుకాణాలున్నాయి. బొంగులో చికెన్ కాలుస్తున్న పొగ, ఫోటోలు దిగేవాళ్ళు. బళ్ళు అడ్డదిడ్డంగా ఆపేశారు, ముందుకి దారి లేదు. ఇంజిన్ ఆపి కూర్చున్నాం.

నేనే అన్నాను. "నాకేటీ అనిపించట్లేదే."

"ఏటీనా?"

"ఏటీ లేదు. మట్టేసినప్పుడు కూడా. భయమేస్తంది."

రోజూ రోగులతో మాట్లాడే మనిషి, ఏదో ఒకటి చెబుతుందనుకున్నాను. తలుపు తీసుకుని దిగింది, చుట్టూ తిరిగొచ్చి నా వైపు తలుపు తీసింది.

"దిగు. అటు కూకో."

"నేను తోలి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?"

"తెలుసు. కానీ నాకు ఏడుపొత్తంది. ఏడుత్తా బండి తోలనేను. నువ్వు తోలు."

దిగి, అటు వెళ్ళి కూర్చున్నాను. సీటు నాకు దూరంగా ఉంది, ముందుకి జరుపుకున్నాను. స్టీరింగు ఎంత తేలికో. మా జీపుది తిప్పాలంటే భుజాలు నొప్పి పుట్టేవి. వెనక్కి, ముందుకి, వెనక్కి, ముందుకి నాలుగైదు సార్లు కదిపి ఆ ఇరుకులోనే బండి అరకు వైపు తిప్పాను. చికెన్ కాలుస్తున్నతను పొయ్యి వదిలొచ్చి, "రానీ, రానీ, ఇంకా రానీ" అంటూ చెయ్యి చూపించాడు.

రోడ్డెక్కాక నర్సమ్మ ఏడుపు మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, గొంతు తగ్గించుకోలేదు. వాళ్ళ గూడెంలో ఆడవాళ్ళు ఏడ్చినట్టు, పోయినామె చేసినవన్నీ ఒక్కొక్కటిగా చెబుతూ, వాళ్ళ భాషలో కొంత తెలుగులో కొంత ఏడ్చింది. రంగు పూసినావు, పాట పాడినావు, నా పిల్లకి పేరెట్టినావు అని. నేను గేర్లు మార్చుకుంటూ, మలుపు మలుపుకీ హారను కొట్టుకుంటూ తోలాను. చేతులకి రోడ్డు గుర్తుంది. ఎక్కడ నెమ్మదించాలో కాళ్ళకి తెలుసు. లోపల మాత్రం అలాగే ఉంది. కానీ పక్కన ఒక మనిషి నా వంతు కూడా ఏడుస్తున్నట్టు ఉంది, దానికి నేను చేయాల్సిందల్లా బండి రోడ్డు మీద ఉంచడమే. అది చేయగలిగాను.

అరకు దగ్గర రైలు గేటు పడింది. ఇనప రాయి వేసుకున్న గూడ్సు వస్తోంది. చాలా పొడుగు. ఇంజిన్ ఆపేశాను. డబ్బా తర్వాత డబ్బా పోతూనే ఉంది. నర్సమ్మ ఏడుస్తూనే ఉంది. ముందున్న మోటారు సైకిలతను వెనక్కి తిరిగి చూసి మళ్ళీ అటు తిరిగాడు. డాష్‌బోర్డు మీదున్న నీళ్ళ సీసా మూత తీసి ఆమెకిచ్చాను. తాగి, ముక్కు తుడుచుకుని, "బ్రేకులు బాగున్నాయా?" అంది.

"బాగున్నాయి" అన్నాను.

గేటు లేచింది. బండి స్టార్టు చేశాను.