కువైట్ నంబరు

మా యూనివర్సిటీ గేటు మీద ‘విద్యార్థుల భద్రతే మా ధ్యేయం’ అని పెద్ద బోర్డు ఉండేది. లోపలివైపు నుంచి దాన్ని చదవడం కుదరదు. చదువుకున్నన్నాళ్ళూ లోపలే ఉన్నదాన్ని కాబట్టి నాకు దాని వీపే బాగా తెలుసు. తుప్పు పట్టిన రేకు, దాని మూలల్లో పిచ్చుక గూళ్ళు.

అమలాపురం దాటాక కొబ్బరితోటల మధ్య ఉండే చిన్న యూనివర్సిటీ అది. నేను చేరింది ఆక్వాకల్చర్‌లో. హాస్టల్ మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే గోడవతల రొయ్యల చెరువులో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుండేవి. అవి ఎలా తిరుగుతాయో మేము మాత్రం క్లాసులో కర్టెన్లు దించుకుని తెరమీద చూసి నేర్చుకున్నాం. ఆడపిల్లలు గోడ దాటాలంటే ఔట్‌పాస్ కావాలి. ఔట్‌పాస్ కావాలంటే అడ్మిషన్ రోజున రాయించిన నంబరు నుంచి తల్లో తండ్రో వార్డెన్ మేడమ్‌కి ఫోన్ చెయ్యాలి. వేరే నంబరు నుంచి దేవుడు చేసినా చెల్లదు. మా క్లాసు మగపిల్లలకి ఈ గొడవే లేదు. సాయంత్రమయ్యేసరికి వాళ్ళు రోడ్డు మీద బజ్జీల బండి దగ్గరుండేవాళ్ళు. భద్రత అంతా మాకే ముంచుకొచ్చింది.

మా నంబరు కువైట్‌ది. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ అక్కడ ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. నేను మామిడికుదురులో పెద్దమ్మ దగ్గర పెరిగాను. అడ్మిషన్ సమయానికి అమ్మ సెలవు మీద ఊళ్ళోనే ఉండి, తనే నన్ను తీసుకొచ్చింది. పెద్దమ్మ నంబరు ఇద్దామని నేనంటే ససేమిరా ఒప్పుకోలేదు.

“తల్లిని నేను బతికుండగా ఇంకోళ్ళ నంబరెందుకే? రాసుకోండి మేడమ్ గారండీ, ఇన్నేళ్ళలో ఈ నంబరు మారిందే లేదండి” అని గొప్పగా చెప్పింది. అమ్మది పెద్ద గొంతు. కాలవ ఇవతల నుంచి పిలిస్తే అవతలి గట్టు మీద ఆడుకుంటున్న నేను పరుగెత్తుకు రావలసిందే. ఆరోజు ఆఫీసులో ఉన్నవాళ్ళంతా తలెత్తి చూశారు.

ఆ గొప్పే నా మెడకు చుట్టుకుంది. అమ్మకు ఫోన్ మాట్లాడే వీలు శుక్రవారం పూటే. ఔట్‌పాసులు ఇచ్చేది ఆదివారం. ఏ రోజు ఫోన్ ఆ రోజుకే చెల్లుతుందని రూలు. కాట్రేనికోన చెరువులకు మా క్లాసు వెళ్ళింది ఒక బుధవారం. దానికీ ఆరోజే ఇంటి నుంచి ఫోన్ రావాలన్నారు. బస్సు గేటు దాటుతుంటే నేను హాస్టల్ కిటికీలోంచి చెయ్యి ఊపాను. తర్వాత ప్రాక్టికల్స్‌లో నాకు మార్కులు తగ్గించారు, చెరువు చూడలేదని. వెళ్ళనివ్వనిదీ వాళ్ళే, వెళ్ళలేదని కోసిందీ వాళ్ళే. ఎవరితో పోట్లాడను?

ఆదివారం హాస్టల్ ఖాళీ అయిపోయేది. ఒక్కదాని కోసం మెస్‌లో ఏం వండుతారు? పొద్దుటి ఉప్మాయే మధ్యాహ్నానికి మూతపెట్టి ఉంచేవారు. ఎండాకాలం సెలవులకు మాత్రం హాస్టల్‌కే తాళం వేస్తారు కాబట్టి, ఎవరి ఫోనూ అక్కర్లేకుండానే బయటికి పంపేసేవారు. నన్నెవరూ కట్టెయ్యలేదు, కొట్టలేదు, తిండికి లోటు చెయ్యలేదు. అయినా ఊపిరాడేది కాదు. రాత్రికి రాత్రి ఆ గోడ ఒక జానెడు దగ్గరికి జరిగిందేమో అనిపించేది.

మూడో ఏడు అమ్మ నాకు చెప్పకుండా వచ్చింది. ఉన్నట్టుండి ఎదురుగా కనబడి నన్ను హడలగొడదామని, హైదరాబాదులో విమానం దిగి, బస్సెక్కి, పెట్టెతో సహా తిన్నగా హాస్టల్‌కే వచ్చేసింది. గేటు దగ్గర నిలబడి పిలిచిన పిలుపు మూడో అంతస్తులో వినబడింది. నేను చెప్పులైనా వేసుకోకుండా దిగాను. మా ఇద్దరి మధ్యా ఇనప గ్రిల్లు. అందులోంచే చేతులు పెట్టి నా మొహం తడిమింది.

వార్డెన్ మేడమ్ వచ్చారు. చెడ్డమనిషేం కాదు. ఆవిడా ఆ గోడల మధ్యే ఉంటారు. అంతకుముందు ఏడాది మేనత్తనని చెప్పి వచ్చినావిడతో ఒకమ్మాయి వెళ్ళిపోతే, మేడమ్ ఉద్యోగం మీదకు వచ్చిందట.

“అమ్మాయిని ఇంటికి పంపాలంటే మీరు రాయించిన ఆ నంబరు నుంచి ఫోన్ రావాలండి” అన్నారు.

“నేనే వచ్చేను కదండీ, మళ్ళీ ఫోనెందుకండి?” అంది అమ్మ.

“మీరు అమ్మగారేనండి, కాదంటల్లేదు. ఆ నంబరు నుంచి వస్తేనే మా హాస్టల్ యాప్ ఒప్పుకుంటుందండి. నా చేతుల్లో ఏం లేదండి.”

కువైట్ ఫోన్ కువైట్‌లోనే ఉండిపోయింది. అది యజమానురాలు ఇచ్చిన ఫోను. సెలవు మీద వచ్చేటప్పుడు ఆవిడకే అప్పజెప్పి రావాలి, ఆవిడ సొరుగులో పెట్టేసుకుంటుంది. పోనీ నంబరు మార్పిద్దామంటే పాత నంబరుకే ఓటీపీ వెళుతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నతల్లి ఎదురుగా నిలబడితే పనికిరాదా, సొరుగులో ఉన్న ఫోను పనికొస్తుందా అని అరిచాను. అరిచి అమ్మ వంక చూశాను, ఇప్పుడు తనూ అందుకుంటుంది, ఈ బిల్డింగు కప్పు ఎగిరిపోతుంది అని.

అమ్మ చేతులు కట్టుకుంది. “ఆయ్, అలాగేనండి. మీ రూలు మీదండి. చిన్నపిల్లండి, ఏం అనుకోకండి” అంది. గొంతు దారంలా సన్నగా వచ్చింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మా ఊళ్ళో ఎవరూ విని ఉండరు.

తర్వాత ఇక్కడికొచ్చినప్పుడు వాడుకునే పాత ఫోన్ తీసి, వాట్సాప్‌లో యజమానురాలికి చేసింది. ఆవిణ్ణి ‘మామా’ అని పిలవాలట. వాళ్ళ భాషలో మామా అంటే అమ్మ. అరబ్బీలో బతిమాలుతుంటే ఆ గొంతు ఇంకా సన్నబడింది. మామా సొరుగు తీసి, ఫోన్ ఆన్ చేసి, ఓటీపీ చదివింది. అమ్మ ఒక్కొక్క అంకే విని తెలుగులో చెబుతుంటే మేడమ్ యాప్‌లో కొట్టారు. మామా ఇంకా ఏదో మాట్లాడుతోంది. “ఐవా మామా, ఐవా మామా” అంటోంది అమ్మ, సరేనమ్మా అని. ఆఖరి ఐవాకి ముందు కాసేపు ఆగింది. అమ్మ ఇక్కడి నంబరు యాప్‌లోకి ఎక్కింది. గ్రిల్లు తెరిచారు.

బస్సు వైనతేయ వంతెన ఎక్కేదాకా నేను కిటికీలోంచి తల లోపలికి పెట్టలేదు. గాలికి మొహమంతా జుట్టే. సంతోషం పట్టలేక నవ్వుతూ అడిగాను, “అంతసేపు ఏమంది మీ మామా?”

“ఏం లేదే. రంజానుకి ముందే వచ్చెయ్యమంటంది. ఇంటినిండా జనం ఉంటారంట.”

“నువ్వేమన్నావు?”

“అడగ్గానే పాపం లేచి నంబరు చెప్పిందే. అప్పుడు కాదని ఎలా అంటాను?”

నాతో రెండు నెలలు ఉందామని వచ్చిన మనిషి మూడు వారాలకే వెళ్ళిపోవాలి. నాకు అక్కడే బస్సు దిగి, వెనక్కి పోయి, ఆ గ్రిల్లు మళ్ళీ వేయించుకుందామనిపించింది.

వెళ్ళేరోజు రాజోలు బస్టాండులో అమ్మ తన పాత ఫోన్ నా చేతిలో పెట్టింది. “నీ దగ్గరే ఉంచు. నీకు ఎప్పుడు బయటికెళ్ళాలంటే అప్పుడు నువ్వే చేసుకో. గొంతు కాస్త నాలా పెట్టు, చాలు” అంది.

అమ్మ గొంతు పెట్టడం నాకు కొత్త కాదు. కాలవ గట్టు మీద పిలిచే పిలుపు పిలిచి పెద్దమ్మను ఎన్నోసార్లు నవ్వించాను. హాస్టల్‌కి తిరిగొచ్చాక, తర్వాతి ఆదివారం బాత్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని, ఆ పెద్ద గొంతుతోనే మాట్లాడాలనుకుని వార్డెన్ మేడమ్‌కి ఫోన్ చేశాను.

“ఆయ్, మేడమ్ గారండీ, నేనండి, అమ్మనండి. మీకు వీలైతేనేనండి…”

దారంలా సన్నగా వచ్చింది. రెండో చెయ్యి దానంతటదే పొట్టకు కట్టుకుని ఉంది. ఆవిడకు రవ్వంత అనుమానం రాలేదు. “పంపుతానండి” అని పెట్టేశారు. ఎవరూ నేర్పకుండానే ఆ గొంతు నాకూ వచ్చేసిందని ఏడుపు ఆగలేదు. ఔట్‌పాస్ పట్టుకుని గేటు దాకా వెళ్ళి, వాచ్‌మన్ తెరుస్తుంటే వద్దని చెప్పి, మెస్‌లో మూతపెట్టిన ఉప్మా దగ్గరకు వచ్చి కూర్చున్నాను.